కణములోని కత్తిపీట

పసిపిల్లలు తిరుగాడు ఇంటిలో కత్తిపీటను నడిమింట విడువరు. జీవకణమునకును ఇట్టి జాగ్రత్త అవసరమే.

పని తీరిన మాంసకృత్తులను, లోపముతో తయారైన వానిని కణము ఖండించి, వాని ఆమినో ఆమ్లములను మరల వాడుకొనవలెను. కాని ఖండించు సాధనము స్వేచ్ఛగా తిరిగినచో పనికివచ్చు వానినిగూడ నరికివేయును. ఇందుకై కణము నిర్మించుకొన్న సాధనమే ప్రోటియసోము.

దీని నడిమి భాగము బోలు పీపా. ఏడేసి మాంసకృత్తులు గుండ్రముగా చేరి ఒక వలయ మగును. అట్టి నాలుగు వలయములు ఒకదానిపై నొకటి నిలిచి, మొత్తము 28 భాగములతో పీపా ఏర్పడును. ఇట్టివి 65,000 వరకు వరుసగా పేర్చిననేగాని ఒక మిల్లీమీటరు పొడవు రాదు. మన కణములలోని పీపాకు కోయు స్థానములు ఆరు. అవి యన్నియు నడిమి రెండు వలయములలో, గది లోనివైపునకే తిరిగియున్నవి.

1995లో మ్యూనిక్ సమీపమునందలి మాక్స్ ప్లాంక్ సంస్థలో హూబర్, బౌమైస్టర్ గార్ల బృందములు ఒక సూక్ష్మజీవి పీపాను ఎక్స్ కిరణములతో పరిశీలించి ఈ అమరికను తేటపరచినవి. 1997లో ఈస్టు పీపాను పరిశీలింపగా, దాని ద్వారము మూసియున్నదని తెలిసెను.

మరి తలుపు తెరచునది ఏది? పీపా కొనల నుండు మూత. నశింపవలసిన మాంసకృత్తునకు, 76 ఆమినో ఆమ్లములుగల యుబిక్విటిన్ అను చిన్న మాంసకృత్తు గొలుసుగా తగిలింపబడును. ఈ గుర్తును, దాని పనిని కనుగొన్న చికానోవర్, హెర్ష్‌కో, రోజ్ గార్లకు 2004లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. మూత ఆ గుర్తును పట్టి, గొలుసును ఊడదీసి మరల వాడుకకు విడిచి, మాంసకృత్తు మడతలు విప్పి, దారమువలె లోనికి నెట్టును.

ఇందు ఒక పాత చిక్కు విడిపోయినది. కణములో మాంసకృత్తులు విచ్ఛిన్నమగుటకు శక్తి ఖర్చగుచున్నదని 1953లో సింప్సన్ అను శాస్త్రజ్ఞుడు ఎలుక కాలేయములో గమనించెను. మనము తిన్న పప్పులోని మాంసకృత్తులు కడుపులో తెగుటకు ఇట్టి ఖర్చు లేదే! కణములో ఏల కావలెను? నాలుగు దశాబ్దుల పిదప పీపా రూపము తెలిసిన మీదట సమాధానము స్పష్టమైనది. ఆ ఖర్చు కోతకు గాదు. మడతలు విప్పి, మూసిన గదిలోనికి నెట్టుటకు.

కోత నిలిచిపోయినచో కణములో చెత్త పేరుకొనును. 2003లో అమెరికాలో అనుమతి పొందిన బోర్టెజోమిబ్ అను మందు ఈ కోతనే అడ్డగించును. ఎముకమజ్జలోని మయెలోమా కేన్సరు కణములు మాంసకృత్తులను విస్తారముగా తయారుచేయును గావున, ఆ చెత్తకు తాళలేక నశించును. అయితే ఆరోగ్యకణములకును ఈ పీపాయే ఆధారము. కావుననే వైద్యుడు ఆ మందు మోతాదును జాగ్రత్తగా నిర్ణయించును. కత్తిపీట మూలనున్నను, అది లేక ఇల్లు గడవదు గదా!