గృహిణికి ఒక్కరోజు సెలవు

ఈవేళ మీతో ముచ్చటించదలచుకున్నది సెలవును గురించి. సెలవంటే పిల్లల సెలవులు కావు, మీవారి ఆదివారమూ కాదు. ఆ రెండూ మనకి పని పెంచే రోజులని మీకు వేరే చెప్పనక్కర్లేదు. మామూలు రోజున కూర, చారు సరిపోతే, ఆదివారంనాడు రెండు కూరలూ, రోటిపచ్చడీ, సాయంత్రానికి బజ్జీలూ. పోనీ అందరం కలిసి ఊళ్ళో ఎటైనా వెడదామంటే, తెల్లవారుజామున నాలుగింటికి లేచి పులిహోర కలిపేదెవరు? నీళ్ళ సీసాలూ దుప్పట్లూ సర్దేదెవరు? తిరిగొచ్చి అందరూ “అబ్బ, అలసిపోయాం” అని కూలబడ్డాక గిన్నెలు తోమేదెవరు?

నేను చెప్పేది గృహిణి సెలవు. ఒక్కరోజు, ఉన్న ఊళ్ళోనే. ఒళ్ళు మరొకరి చేతికి అప్పగించి, మరొకరు వండినది తీరికగా కూర్చుని తిని రావడం. నేనుండేది హైదరాబాదు గనుక ఆ ఊరి సంగతే చెబుతాను.

ఒక్కమాట అడుగుతాను, జ్ఞాపకం చేసుకోండి. మీకు ఆఖరుసారి ఎవరైనా తలంటి పోసిందెప్పుడు? దీపావళికి తెల్లవారుజామునే ఇంటిల్లిపాదికీ మాడుకు నూనె అంటి, నలుగు పెట్టి, కుంకుడు రసం కళ్ళల్లో పడకుండా చెయ్యి అడ్డం పెట్టి తలలు రుద్దేది మనమే. అందరి స్నానాలూ అయ్యాక, బాయిలర్లో మిగిలిన గోరువెచ్చని నీళ్ళు నాలుగు చెంబులు గుమ్మరించుకుని వంటింట్లోకి పరుగెత్తేదీ మనమే. చాలామందికి ఆఖరుసారి తలంటు జరిగింది బాలింతగా ఉన్నప్పుడే. ఆ బిడ్డ ఇప్పుడు కాలేజీలో ఉంటాడు!

పట్నంలో ఆ తలంటునే ఇప్పుడు స్పా అంటున్నారు. ఆ పేరు బెల్జియం దేశంలో ఖనిజజలాల ఊటలున్న ఒక ఊరిది. షాంపూ అన్నమాట మాత్రం అచ్చంగా మన దేశానిదే. ఒళ్ళు పిసకడాన్ని, వత్తడాన్ని చెప్పే హిందీ మాట నుంచి వచ్చింది. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన ఇంగ్లండు వెళ్ళి, బ్రైటన్ పట్టణంలో ఆవిరి స్నానమూ ఒళ్ళు పట్టడమూ కలిపి ఒక స్నానశాల పెట్టాడు. నాలుగో జార్జి రాజుగారికి సైతం ఒళ్ళు పట్టే వైద్యుడిగా నియమితుడయ్యాడు. మన పెరటి విద్య అంత దూరం వెళ్ళి, ఏసీ గదిలో కూర్చుని మళ్ళీ మన దగ్గరికే వచ్చిందన్నమాట.

చెప్పొచ్చేదేమంటే, ఇందులో భయపడాల్సిన కొత్తేమీ లేదు. అయితే తెలుసుకోవలసినవి మాత్రం కొన్నున్నాయి. వాగ్భటుడు అష్టాంగహృదయంలో అభ్యంగనం నిత్యం చేయమంటూ తల, చెవులు, పాదాలు ముఖ్యమన్నాడు. అజీర్ణంతో ఉన్నవారికి వద్దనీ అన్నాడు. కాబట్టి పొద్దున్నే రెండిడ్లీలతో సరిపెట్టుకుని, రెండు గంటలు ఆగి వెళ్ళండి. బిర్యానీ తిని వెళ్ళి బోర్లా పడుకుంటే ఆ సుఖం సుఖంలా ఉండదు.

జ్వరం ఉన్నా, గర్భవతులైనా, కాలి నరాలు ఉబ్బి నొప్పిగా ఉన్నా డాక్టరుని అడగకుండా ఒళ్ళు పట్టించుకోవద్దు. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు ఆవిరిపెట్టె జోలికి వెళ్ళకపోవడమే మేలు. మోకాళ్ళ నొప్పులకు వైద్యం కావాలనుకుంటే స్పా కాదు, ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది, చార్మినారు పక్కనే నిజామియా యునానీ ఆసుపత్రి ఉంది. అక్కడ వైద్యులు చూసి చెబుతారు. స్పా విశ్రాంతికి, ఆసుపత్రి జబ్బుకి. ఈ రెండూ కలిపేసి ఎవరైనా “పది సిట్టింగుల్లో షుగరు తగ్గిస్తాం” అంటే చెప్పులు తొడుక్కుని వచ్చెయ్యండి.

మరొకటి, ఇది జాగ్రత్తగా వినండి. పార్లర్లో తల కడిగేటప్పుడు మెడ వెనక్కి వంచి తొట్టి అంచుమీద పెట్టిస్తారు గదా! మెడ మరీ వెనక్కి వంగితే, మెదడుకి రక్తం తీసుకువెళ్ళే నరం నొక్కుకుపోయే ప్రమాదముంది. 1993లోనే అమెరికాలో వైద్యులు దీన్ని గురించి రాశారు. 2022లో మన హైదరాబాదులోనే యాభయ్యేళ్ళ ఆవిడకు పార్లర్లో తల కడుగుతుండగా కళ్ళు తిరిగి, వాంతులయ్యాయనీ, పక్షవాతం తాలూకు లక్షణాలని డాక్టర్లు తేల్చారనీ పత్రికల్లో వచ్చింది. ఇది అరుదే. అయినా మెడకింద తువ్వాలు మడత వేయించుకోండి, లేదా ముందుకు వంగి కడిగించుకోండి. మెడలు విరిచే పని మాత్రం ఎవరిచేతా చేయించుకోవద్దు. చిటుకుమని శబ్దం రావడమే ఆరోగ్యమని ఎవరు చెప్పారో గానీ!

ఒళ్ళు పట్టే అమ్మాయి గట్టిగా వత్తితే “కాస్త మెల్లిగా అమ్మా” అనండి. ఓర్చుకోవడం మనకి ఎంత అలవాటంటే, డబ్బిచ్చి మరీ ఓర్చుకుంటాం. ఆ అమ్మాయి కూడా ఎక్కడో తల్లిదండ్రుల్ని వదిలి వచ్చి, పొద్దుట్నుంచీ నిలబడి నలుగురి ఒళ్ళు పట్టి, మణికట్టు నొప్పితోనే ఉంటుంది. వచ్చేటప్పుడు ఆమె చేతిలో నేరుగా ఏదో కాస్త పెట్టండి.

గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో చక్కటి హమ్మామ్ ఒకటుంది. అది ఖననానికి ముందు పార్థివదేహాలకు స్నానం చేయించిన చోటు. అంతవరకూ ఆగడం దేనికండీ, ఒంట్లో ప్రాణం ఉండగానే ఆ ముచ్చట తీర్చుకుందాం.

ఇక భోజనం. 2019లో యునెస్కోవారు హైదరాబాదును పాకకళలో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చారు. పచ్చిమాంసం మసాలా పట్టించి, సగం ఉడికిన బియ్యం పైన పరచి, మూత చుట్టూ పిండి అంటించి సన్నసెగమీద మగ్గించే కచ్చి బిర్యానీ సంగతి అందరికీ తెలిసినదే. శాకాహారులు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. బగారా బైంగన్ అడగండి. లేత వంకాయలు తొడిమతో నాలుగు పక్షాలుగా చీల్చి నూనెలో వేయించి, వేరుసెనగ, నువ్వులు, ఎండుకొబ్బరి వేయించి నూరిన ముద్దలో చింతపండు పులుసు పోసి మగ్గిస్తారు. మన గుత్తివంకాయకి దగ్గరి చుట్టమే. ఖట్టీ దాల్ అన్నా మన పుల్లపప్పే, పోపు తేడా. ఆఖర్ని ఖుబానీ కా మీఠా. ఎండు ఆప్రికాట్లు నానబెట్టి పంచదారతో ఉడికిస్తారు. గింజ పగలగొడితే బాదంలాంటి పప్పు వస్తుంది, దాన్నే పైన అలంకరిస్తారు. వంటింటి మనుషులం గదా, ఏదీ పారెయ్యని ఆ పొదుపు నాకు తెగ నచ్చుతుంది.

మా పక్కింటావిడ ఒకసారి ఇలాగే ఒంటరిగా హోటలుకి వెళ్ళింది. “ఏం తీసుకుంటారమ్మా?” అని సర్వర్ అడిగితే ఆవిడకి నోట మాట రాలేదట. మామగారికి కారం పడదు, ఆయనకి మషాళా వాసన గిట్టదు, పిల్లాడికి నూడుల్స్ కావాలి. ఇవన్నీ కంఠతా వచ్చు. తనకేం ఇష్టమో ఇరవయ్యేళ్ళుగా ఎవరూ అడగలేదు, తానూ అడుక్కోలేదు. చివరికి రెండు బిర్యానీలు పార్సిల్ కట్టించుకుని, తాను మంచినీళ్ళు తాగి వచ్చేసింది. ఈ సంగతి నవ్వుతూనే చెప్పింది గానీ, విన్న నాకు నవ్వు రాలేదు.

అత్తగారు దండగ అనవచ్చు. వాదించకండి, నెలనెలా డబ్బాలో కాస్త దాచి ఏడాదికి రెండుసార్లు వెళ్ళండి. దారి ఖర్చు పెద్దగా లేదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవారికి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. ఇంట్లో ఆ పూట వంట సంగతి మీరు ముందే చేసిపెట్టి వెళ్ళారో, సెలవు అక్కడే పోయినట్లు. బియ్యం డబ్బా ఎక్కడుందో చూపించండి, చాలు. అన్నం కాస్త మాడితే మాడుతుంది.

సాయంత్రం లాడ్‌బజారులో లక్క గాజులు చూసుకుని, చార్మినారు నీడన ఇరానీ చాయ్ తాగండి. పాలు వేరే మరిగించి చిక్కబరచి, డికాక్షను వేరే మగ్గించి, కప్పులో కలుపుతారు. తోడు రెండు ఉస్మానియా బిస్కట్లు. ఫోను సంచిలోనే ఉండనివ్వండి. పప్పు గరిటె ఎక్కడుందని అడగడానికే మోగుతుంటుంది అది. వాళ్ళే వెతుక్కుంటారు. చాయ్ చల్లారకముందే తాగండి.