మూసిన కిటికీ, ముగియని చందా



నా మాటలు మీకు వినవచ్చుచున్నవి. కాని వినువారెవరో నాకు తెలియదు. మీరు మీట త్రిప్పినచో మన సంబంధము అంతటితో సరి. పత్రిక సంగతి వేరు. చందాదారుని పేరు పట్టీలో ఉన్నంతవరకు, ఆయన ఊరు విడిచిపోయినను సంచికలు పోవుచునే యుండును. కంప్యూటరు ప్రోగ్రాములలో ‘రియాక్టివ్’ అను పద్ధతి ఈ రెండవ తెగకు చెందినది.

ఇందులో ఒక వస్తువు వార్తలను వెలువరించును. కోరిన వస్తువులు చందాదారులగును. గడియారము సెకనుకొక వార్త పంపును. తెరమీది కిటికీ దానిని అందుకొని వేళ చూపును.

ఇక వస్తువుల ఆయుర్దాయము. ఎవరికిని అందుబాటులో లేని వస్తువుల చోటును యంత్రమే తిరిగి స్వాధీనము చేసికొను విధానమును, 1960లో లిస్ప్ భాషను గూర్చిన వ్యాసమున జాన్ మెకార్తీ వివరించెను. దీనినే గార్బేజ్ కలెక్షన్ అందురు. నేటి పెక్కు భాషలలో ఈ ఏర్పాటు కలదు. అందుచే విడిచిన వస్తువు తనంతట తానే పోవునని ప్రోగ్రాము వ్రాయువారు నిశ్చింతగా ఉందురు. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. కిటికీని మూసితిమి, కాని గడియారపు పట్టీలో దాని పేరు నిలిచియున్నది. పేరున్నంతవరకు యంత్రము దృష్టిలో అది సజీవమే.

ఒక బ్యాంకు గుమస్తా సాయంత్రములోగా నూరు కిటికీలు తెరచి మూసెననుకొందము. కంటికి ఒక్కటియు కానరాదు. కాని సెకనుకు నూరు వ్యర్థపు పనులు జరుగుచుండును. మెమరీ నిండిపోవును, యంత్రము మందగించును. అంతకంటె అపాయము మరొకటి. రసీదు అచ్చువేయుమను వార్తకు మూసిన కిటికీ కూడ స్పందించినచో, ఒకే సొమ్మునకు రెండు రసీదులు వెలువడును. నింద గుమస్తాపై పడును.

ఎరిక్ మైయర్ ప్రభృతులు మైక్రోసాఫ్టులో రూపొందింపగా 2009లో వెలువడిన రియాక్టివ్ ఎక్స్‌టెన్షన్స్‌లో దీనికి చక్కని ఉపాయము కలదు. చందా చేరినతోడనే ఒక చీటీ వంటి వస్తువు చేతికి వచ్చును. దానిని ‘డిస్పోజ్’ చేసినచో పట్టీలో పేరు కొట్టివేయబడును. చందాలు పెక్కులైన, చీటీలన్నిటిని ఒక సంచిలో వేసి, కిటికీ మూయునపుడు సంచినంతటిని ఒకేసారి రద్దుచేయవచ్చును.

వార్తలు ముగిసినవని పంపునదే తెలిపినచో చందా తానే ముగియును. పంపునదియు అందుకొనునదియు కలిసియే పోవునవైనను భయము లేదు. అయితే గడియారము ముగింపు చెప్పదు. దీర్ఘాయువు అల్పాయువును పట్టుకొనియున్న చోటనే జాగ్రత్త వలయును.

కావున చందా చేర్చు పంక్తిని వ్రాయునపుడే, దానిని రద్దుచేయవలసినది ఎవరు, ఎప్పుడు అను ప్రశ్నకు కూడ సమాధానము వ్రాసికొనుట మేలు. తరువాత చూతమన్నచో, కిటికీ మూసినపిదప గుర్తుచేయువారుండరు.