సగం ఆటోమాటిక్: మిగతా సగం ఎవరు?

(ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి జరిగే సభలో వాషింగ్ మెషిన్ గురించి మాట్లాడతానంటే మీలో కొందరికి నవ్వొచ్చింది. అందులోనూ నేను మాట్లాడేది కొత్త మెషిన్ గురించి కాదు. పాత సామాన్ల దుకాణంలో ఇనుముతో పాటు తూకానికి అమ్మేసే పాత మెషిన్ గురించి. పైనుంచి మూత తీసి బట్టలు వేసే రెండు తొట్ల మెషిన్లను నేను కొన్నేళ్లుగా పోగేస్తున్నాను. సూర్యాపేట, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి, ఎక్కడ దొరికితే అక్కడ. "పనిచెయ్యని మిషన్ ఏం జేసుకుంటవమ్మా?" అని దుకాణం వాళ్లు అడుగుతారు. విప్పి చూసుకుంటాను అంటాను. ఆ యంత్రాన్ని విప్పి చూస్తే ఇంటి చాకిరీలో దేన్ని పనిగా లెక్కగట్టారో, దేన్ని ఆడవాళ్లకు వదిలేశారో స్పష్టంగా కనబడుతుంది. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది అదే.

ముందుగా, మెషిన్ రాకముందు ఈ పని ఎవరు చేసేవాళ్లో గుర్తుచేసుకుందాం. మన ఊళ్లలో బట్టలుతకడం ఒక కులానికి అంటగట్టిన పని. చాకలి కుటుంబాలు ఇల్లిల్లూ తిరిగి మాసిన బట్టలు మూట కట్టుకుని చాకిరేవుకు మోసేవి. సవుడు మట్టి కలిపిన నీళ్లలో నానబెట్టి, బానలో ఉబ్బకు పెట్టి, బండకు బాది, జాడించి, పిండి, ఆరేసి, మడతపెట్టి, ఎవరి బట్టలు వాళ్లకు చేర్చేవాళ్లు. ముట్టు బట్టలు, పురిటి బట్టలు ఉతకడం ఆ ఇంటి ఆడవాళ్ల వంతు. రైతుల ఇళ్లల్లో ఏడాదికోసారి ఇచ్చే మేర గింజలు, రోజూ పెట్టే ఇంత అన్నం వాళ్లకు కూలి. దొర గడీలో అయితే అదీ లేదు, అంతా వెట్టి.

ఆ వెట్టికి ఎదురు తిరిగిన చాకలి ఐలమ్మది పాలకుర్తి. ఇవాళ అది జనగామ జిల్లాలో ఉంది గానీ, నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోదే. 1940లలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి, సంఘం అండతో తను సాగుచేసిన పంటను తన ఇంటికి చేర్చుకున్న మనిషి ఆమె. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. సంతోషమే. అయితే ఆమె పేరుకు ముందున్న ఆ మాటలో ఎంత శ్రమ ఉందో, ఎంత నైపుణ్యం ఉందో మన పిల్లలకు ఎక్కడ చూపిస్తాం? ఏ మరక దేనికి పోతుందో, ఏ రంగు వేడికి విరుగుతుందో, గద్వాల చీర జరీని ఎట్లా కాపాడాలో తెలిసిన చేతులవి. ఆ తెలివి ఏ బడి పుస్తకంలోకీ ఎక్కలేదు.

ఇక యంత్రం సంగతి. బట్ట శుభ్రం కావాలంటే నీళ్లు, సబ్బు, కదలిక, ఈ మూడూ కావాలి. బండకు బాదినా, చేత్తో రుద్దినా, యంత్రంలో తిప్పినా జరిగేది ఒక్కటే. దారాల మధ్యనుంచి సబ్బు నీళ్లు బలంగా పారి మురికిని బయటికి లాగుతాయి. ఆ కదలికను మోటారుకు ఎట్లా అప్పగించాలన్న దాని మీదే వాషింగ్ మెషిన్ చరిత్రంతా నడిచింది. అమెరికాలో 1922లో మేటాగ్ కంపెనీ, తొట్టి అడుగునుంచి నిలబెట్టిన రెక్కల స్తంభం అటూ ఇటూ ఊగే మెషిన్ తెచ్చింది. అప్పట్లో తడి బట్టల్ని రెండు రూళ్ల మధ్య పెట్టి పిండేవాళ్లు. వేళ్లు, జుట్టు ఆ రూళ్ల మధ్య ఇరుక్కుని దెబ్బలు తగిలిన ఆడవాళ్లు ఎందరో. నీళ్లు నింపడం నుంచి పిండడం దాకా తనే చేసుకునే మెషిన్‌ను 1937లో బెండిక్స్ తెచ్చింది, దానికి తలుపు ముందువైపు ఉండేది. పైనుంచి బట్టలు వేసే పూర్తి ఆటోమాటిక్ మెషిన్లు అక్కడ 1947లో వచ్చాయి. జపాన్‌లో 1953లో శాన్యో చిన్న, చవకైన మెషిన్ తెచ్చింది. అందులో స్తంభం లేదు. తొట్టి గోడకు బిగించిన ఒక పళ్లెం గిర్రున తిరిగి నీళ్లలో సుడి పుట్టించేది. తర్వాతి రోజుల్లో ఆ పళ్లెం తొట్టి అడుగుకు చేరింది. పక్కనే పిండడానికి ఇంకో తొట్టి వచ్చింది. మన దేశంలో 1980ల చివరి నుంచి మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చిన మెషిన్లు ఎక్కువగా ఈ వంశానివే. వీడియోకాన్, వర్ల్‌పూల్, బి.పి.ఎల్. పేర్లు మీకు గుర్తుండే ఉంటాయి.

ఇప్పుడు మూత తీద్దాం. ఎడమ తొట్టి అడుగున గీతలు తేలిన పళ్లెం ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని పల్సేటర్ అంటారు. కింద మోటారు, దానికో బెల్టు. పైన ఉన్న బొత్తాం తిప్పితే లోపల గడియారం లాంటి పళ్ల చక్రాలు కదులుతాయి. అవి మోటారును కొన్ని క్షణాలు ఒక పక్కకు, కొంచెం ఆగి ఇంకో పక్కకు తిప్పిస్తాయి. అట్లా దిక్కు మార్చకపోతే చీరలన్నీ తాడులాగా పెనవేసుకుపోతాయి. కుడి తొట్టిలో చిల్లుల డబ్బా. మనం డ్రయ్యర్ అంటాం గానీ అది ఆరబెట్టదు. నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగి, నీటిని చిల్లుల్లోంచి బయటికి చిమ్ముతుంది. మూత ఎత్తగానే కరెంటు తెగి, బ్రేకు పడి డబ్బా ఆగిపోవాలి. పాత మెషిన్లలో ఆ స్విచ్చి చెడిపోతే రిపేరుకు బద్ధకించి వైర్లు నేరుగా కలిపేస్తుంటారు. అట్లాంటి మెషిన్‌ను ముట్టుకోవద్దు. కొంగు చుట్టుకుంటే చెయ్యి పోతుంది. ఇనుప బాడీ మెషిన్‌కు ఎర్తింగ్ లేకుండా, మూడు పిన్నుల ప్లగ్గు లేకుండా తడి నేల మీద నిలబడి వాడటం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఈ రెండు తొట్ల మెషిన్ మన ప్రాంతానికి బాగా అమరింది. అందుకు కారణాలున్నాయి. దీనికి కుళాయి అక్కర్లేదు, బకెట్‌తో నీళ్లు పోసినా నడుస్తుంది. కరెంటు పోయి వస్తే ఉతికే బొత్తాం మళ్లీ తిప్పుకుంటే చాలు. అన్నింటికన్నా ముఖ్యం, ఒకసారి పోసిన సబ్బు నీళ్లలోనే ముందు తెల్లబట్టలు, తర్వాత రంగుబట్టలు, చివర పొలం పని బట్టలు వేసుకోవచ్చు. నిజానికి ముందు తలుపు మెషిన్ తక్కువ నీళ్లతో ఉతుకుతుంది. కానీ దానికి పైపులో ఆగని నీళ్లు, ఆగని కరెంటు కావాలి. మన చాలా బోర్ల నీళ్లలో సున్నపు లవణాలెక్కువ. సబ్బు నురగ రాక, బట్టల మీద తెల్లటి పొర మిగులుతుంది. నల్లగొండ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చే ఫ్లోరైడ్ మన ఎముకలను వంచింది గానీ బట్టలను ఏమీ చెయ్యదు. సబ్బును మింగేది ఈ సున్నపు లవణాలే. కాబట్టి ఒక్కసారి కలిపిన సర్ఫు నీళ్లను మూడు సార్లు వాడుకోగలగడం చిన్న విషయం కాదు.

అయితే దీన్ని సెమీ ఆటోమాటిక్ అంటారు. అంటే సగం తనంతట తను పనిచేస్తుందని. మిగతా సగం ఎవరు? తొట్టి నింపడానికి బిందెలు మోసేది ఎవరు? తెల్లవి, రంగువి వేరుచేసేది, జేబులు వెతికేది, కాలరు రుద్దేది ఎవరు? గంట మోగగానే పొయ్యి మీది కూర వదిలి పరిగెత్తి, నీళ్లోడే బట్టలను ఈ తొట్టిలోంచి ఆ తొట్టిలోకి వేసేది ఎవరు? ఆరేసి, వాన మొగులు పడితే తీసి, మడతపెట్టి అలమారలో సర్దేది ఎవరు? రుద్దడాన్నీ, పిండడాన్నీ యంత్రం తీసుకుంది. అవి బరువైన పనులే, రెక్కలు విరిచే పనులే. వాటినుంచి విముక్తిని నేను తక్కువ చెయ్యను. కానీ మిగిలిన పనులన్నీ ఆమెవే. పైగా "మిషన్ కొన్నం గదా, ఇంక నీకేం పని?" అనే మాట కూడా ఆమెకే.

ప్రభుత్వ లెక్కలు చూడండి. 2019లో కేంద్ర గణాంక శాఖ కాల వినియోగంపై చేసిన సర్వేలో, ఇంటిపనులు చేసిన స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషాలు, చేసిన పురుషులు 97 నిమిషాలు కూలిలేని ఇంటిపనికి ఇచ్చారు. 2024 సర్వేలో అవి 289, 88 నిమిషాలయ్యాయి. అయిదేళ్లలో ఇళ్లలోకి ఇన్ని సామాన్లు వచ్చినా ఆడవాళ్లకు తగ్గింది పది నిమిషాలు. మగవాళ్లు కూడా తమ కొద్దిపాటి పనిలోంచి తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు! అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన పుస్తకంలో ఇదే వాదన చేశారు. యంత్రాలు వచ్చాక చాకలి మనిషి వెళ్లిపోయింది, దుప్పట్లు, చొక్కాలు మార్చడం ఎక్కువైంది, ఆ పనంతా గృహిణి ఒక్కదాని మీద పడింది అని.

మన దగ్గర కూడా ఇంట్లో మెషిన్ చప్పుడు మొదలైతే మూట కట్టుకోవడానికి వచ్చే మనిషి రాక ఆగిపోతుంది. ఒకరి కులాన్ని బట్టి మన మాసిన బట్టలు వాళ్ల నెత్తిన పెట్టే ఆచారం పోవలసిందే. అందులో అనుమానం లేదు. కానీ మేర గింజలు పోయిన ఆ ఇంటి ఆడవాళ్లకు బదులుగా ఏమిచ్చాం? కొందరు ఇస్త్రీ బండి పెట్టుకున్నారు, కొందరు పాలమూరు నుంచి వలస మేస్త్రీల వెంట పోయారు. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం లాండ్రీలకు, దోభీఘాట్‌లకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు ప్రకటించింది. మంచిదే. ఆ మీటరు ఎవరి పేర ఉంది, దోభీఘాట్‌కు మెషిన్ వస్తే నడపడం నేర్పేది మగవాళ్లకేనా, రేవులో సగం పని చేసిన ఆడమనిషికి సంఘంలో సభ్యత్వం ఉందా? ఈ ప్రశ్నలు మీమీ మండలాల్లో అడగండి.

ఇంకో సంగతి. పోగేసిన ప్రతి మెషిన్ గురించీ నేను అడిగే మొదటి ప్రశ్న, ఇది ఇంట్లోకి ఎట్లా వచ్చింది అని. ఎక్కువగా వచ్చే జవాబు, "పెండ్లికి పెట్టిండ్రు" అని. అంటే కోడలి చేత చాకిరీ చేయించే యంత్రాన్ని కోడలి తల్లిదండ్రులే కొనిచ్చారన్న మాట. 1961 చట్టం ప్రకారం కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమే. అడగకుండా ఇచ్చిన కానుకలైతే 1985 నియమాల ప్రకారం జాబితా రాసుకోవాలి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చిన వాళ్ల పేరు, చుట్టరికం రాసి, వధూవరులిద్దరూ సంతకం పెట్టాలి. పెళ్లికూతురికి వచ్చినవి ఆమె స్త్రీధనం. భర్త ఇంట్లో ఉన్నంత మాత్రాన అవి భర్తవి కావని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభారాణి కేసులో చెప్పింది. 2005 నాటి గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద స్త్రీధనం తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేటును అడగవచ్చు. బంగారం గురించి అందరూ అడుగుతారు. మెషిన్, ఫ్రిజ్, కుట్టుమిషన్ గురించి అడగడం మరిచిపోతారు. బిల్లు అమ్మాయి పేర రాయించండి. ఒక నకలు తల్లిగారింట్లో దాచండి.

చివరగా, పాతవి ఎందుకు దాచాలి? రాజుల కత్తులు, దొరల కుర్చీలు అద్దాల పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. మన అమ్మలు బతుకంతా గడిపిన పనిముట్లు మాత్రం తుక్కులో కరిగిపోతున్నాయి. మోటారులోని రాగి తీగ కోసం మెషిన్‌ను పగలగొడతారు, మిగతాది పారేస్తారు. కాబట్టి ప్రతి మండలంలో ఒక బడిలోనో, సంఘం గదిలోనో ఒక మూల అడుగుదాం. అక్కడ చాకిరేవు బాన, సవుడు మట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టె, వాటి పక్కనే రెండు తొట్ల మెషిన్ పెడదాం. బాన దగ్గర ఆ పని చేసిన కుటుంబాల ఇష్టంతోనే, వాళ్ల మాటల్లోనే రాద్దాం. ప్రతి వస్తువుకూ ఒక చీటీ ఉండాలి. ఏ ఏడు కొన్నారు, ఎవరి డబ్బు, నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయి, ఎవరు మోశారు, అంతకుముందు ఆ ఇంటి బట్టలు ఎవరు ఉతికారు, వాళ్లిప్పుడేం చేస్తున్నారు. బెల్టు మార్చడం, కెపాసిటర్ మార్చడం, తుప్పు గీకడం మన ఆడపిల్లలు నేర్చుకోవాలి. అవి కష్టమైన పనులేమీ కావు. ప్లగ్గు తీసి, కెపాసిటర్‌లో మిగిలిన కరెంటు పోగొట్టాకే చెయ్యి పెట్టాలి, ఆ జాగ్రత్త ముందు నేర్పాలి.

ఇవాళ ఇంటికి వెళ్లాక ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో బట్టలుతికే రోజున, మాసిన బట్టలు ఏరడం నుంచి మడతలు అలమారకు చేరేదాకా ఎన్ని పనులున్నాయో వరుసగా ఒక కాగితం మీద రాయండి. యంత్రం చేసేవాటికి ఎదురుగా యంత్రమని, మీరు చేసేవాటికి ఎదురుగా మీ పేరని రాయండి. ఆ కాగితాన్ని ఇంట్లో మగవాళ్ల ముందు పెట్టి, ఇందులో ఏవి మీవి అని అడగండి. వచ్చే సమావేశానికి ఆ కాగితాలు తీసుకురండి. అందరం కలిసి చదువుదాం.