బృందగాన సారథులు

పదిమంది కలసి పాడుట మనకు క్రొత్త గాదు. రామమందిరములోని భజన, నాట్లవేళ చేలలో వినవచ్చు పాట, వెన్నెలరాత్రుల కోలాటము, బుర్రకథలో కథకునికి వంతలు అందిచ్చు పలుకు, ఇవియన్నియు సామూహిక గానములే. తిరువయ్యారులో ఏటేట త్యాగరాజస్వామి ఆరాధన సమయమున వందలాది విద్వాంసులు కావేరీతీరమున కూర్చుండి నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములలోని పంచరత్నములను ఏకకంఠముగా పాడుట లోకవిదితము. ఆ అయిదింటిలో సంస్కృతమున నున్న మొదటిదానిని విడిచినచో తక్కిన నాలుగును తెలుగు కృతులే.

అయినను ఈ గానములకును, నేడు బృందగానమని మనము వ్యవహరించుదానికిని ఒక భేదమున్నది. భజనలో నాయకుడు ఒక పాదమును పాడును. తక్కినవారు దానినే తిరిగి పలుకుదురు. అందరిదియు ఒకే వరుస. బృందగానములోనో, ఒకే కాలమున రెండు మూడు వరుసలు ప్రక్కప్రక్కన నడచును. ఒకరు పైస్థాయిలో పాట నెత్తుకొనగా మరియొకరు క్రిందిస్థాయిలో వేరు స్వరములతో దానికి తోడగుదురు. ఈ వరుసలు ఒకదానితో నొకటి పోట్లాడకుండ నడిపించువాడు కావలెను. అతడే బృందసారథి. అతడు తాను పాడడు, వాద్యమును పట్టడు. సభకు వీపుచూపి నిలుచుండును. వినువారికి అతని చేతులు మాత్రమే కనబడును. పాట చక్కగా సాగినచో పేరు పాడినవారికి దక్కును. చెడినచో నింద అతనిది. ఇట్టి కష్టమైన కొలువును కోరి స్వీకరించిన కొందరినిగూర్చి ఈనాడు ముచ్చటింతును.

మనదేశమున మతసంబంధము లేని బృందగానము ఉద్యమరూపము దాల్చుటకు మూలము 1943 ప్రాంతమున కానవచ్చుచున్నది. ఆ ఏడు వంగదేశమును మహాక్షామము పీడించినది. ఆ ఏడే బొంబాయిలో భారత ప్రజానాట్యసంఘము వెలసినది. ఆంధ్రదేశమున డాక్టరు గరికపాటి రాజారావు గారి పూనికతో ప్రజానాట్యమండలి పుట్టినదియు ఆ రోజులలోనే. ప్రజల కష్టమును ప్రజలగొంతుతోనే పలికింపవలెననునది వారి ఆశయము. ఒక్కని పాటకంటె పదిమంది పాటకు బలమెక్కువ యని వారు గ్రహించిరి.

ఆ సంఘములో ఎదిగినవారిలో సలీల్ చౌదరి గారు ముఖ్యులు. ఆయన బాల్యము అస్సాము తేయాకు తోటలలో గడచినది. వైద్యులైన తండ్రిగారి వద్దనున్న పాశ్చాత్య సంగీతపు రికార్డులు ఒక చెవిన, తోటకూలీల జానపదములు ఒక చెవిన వినుచు ఆయన పెరిగిరి. ఆ రెండింటి పొందికయే తరువాత ఆయన బాణీ అయ్యెను. 1950ల చివర బొంబాయి యువ గానబృందమును ఆయనయే నడిపిరి. 1958లో కలకత్తాలో నటీమణియు గాయనియు నైన రూమా గుహఠాకుర్తా గారు సలీల్ చౌదరి, సత్యజిత్ రాయ్ గార్ల సహకారముతో కలకత్తా యువ గానబృందమును నెలకొల్పి దశాబ్దములపాటు దానికి ప్రాణమై నిలిచిరి. ఒక స్త్రీ ఇట్టి బృందమునకు నాయకత్వము వహించుట ఆ కాలమున సామాన్య విషయము గాదు.

దక్షిణదేశమున ఈ పని చేసినవారు ఎం. బి. శ్రీనివాసన్ గారు. 1925లో మన చిత్తూరులో జన్మించిన ఆయన అరవమునను మలయాళమునను సంగీతదర్శకులుగా ఖ్యాతి గడించిరి. 1960లో వచ్చిన ‘పాదై తెరియుదు పార్’ చిత్రమునకు సంగీతము కూర్చినది ఆయనయే. 1961లో ఏసుదాసు గారిచేత మొట్టమొదటి సినిమాపాటను పాడించినదియు ఆయనయే. సినిమాలలో వాద్యములు వాయించి, తెరమీద పేరైనను కనబడక వెళ్ళిపోవు కళాకారులను ఒక సంఘముగా కూర్చుటకు ఆయన పాటుపడిరి. ఇట్టి మనసుగల ఆయన 1971లో మద్రాసు యువ గానబృందమును స్థాపించుటలో ఆశ్చర్యము లేదు. సంగీతము పుక్కిట పట్టినవారే రావలెనను నియమము అందులేదు. పగలంతయు తమతమ పనులు చేసికొను ఉద్యోగులును, చదువుకొను యువతీయువకులును వచ్చి చేరిరి. సుబ్రహ్మణ్యభారతి మొదలగు మహాకవుల గేయములను ఆయన వారిచే పలుస్వరముల పొందికతో పాడించిరి.

ఇట్టి బృందమును తీర్చుటలోని కష్టమేమో కొంచెము చూతము. మొదటి చిక్కు శ్రుతి. మగవారు సాధారణముగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడుదురు. ఆడువారు అయిదు, అయిదున్నర శ్రుతిలో. మగవారి పంచమము ఆడువారికి షడ్జమమన్నమాట. అందరిచేతను ఒకే వరుస పాడింపబూని నడుమ శ్రుతి నొకదానిని పట్టినచో మగవారి గొంతు తారస్థాయిలో బిగిసిపోవును. ఆడువారి గొంతు మంద్రస్థాయిలో వినబడకుండ పోవును. గొంతులకు తగిన స్థాయిలో వేరువేరు వరుసలు కూర్చుటయే దీనికి మేలైన ఉపాయము. పాశ్చాత్యులు ఆడువారిని రెండుగాను, మగవారిని రెండుగాను విభజించి నాలుగు వరుసలు వ్రాయుట ఇందుకే.

రెండవది శ్వాస. ఒకడు పాడునప్పుడు ఎచ్చట ఊపిరి తీసికొన్నను చెల్లును. నలుబదిమంది ఒక్కమారు ఊపిరి తీసినచో పాట మధ్య గోతివలె తెగును. అందువలన దీర్ఘస్వరముల వద్ద ఒకరి తరువాత నొకరు ఊపిరి తీసికొనునట్లు సారథి ముందుగా నేర్పవలెను. మూడవది మాట. పదముచివర హల్లును ఒకరు ముందు, ఒకరు వెనుక పలికినచో చిటపట చప్పుడే వినబడును. ఈ విషయమున మన తెలుగు అదృష్టవంతురాలు. అజంతభాష యగుటచే పదము అచ్చుతో ముగిసి, స్వరమును నిలుపుటకు చోటిచ్చును.

వీటన్నిటికంటె పెద్ద కష్టము వేరొకటి. మనలో ‘గుంపులో గోవింద’ యను సామెత యున్నది. పదిమందిలో తన గొంతు తెలియదుగదా యని పెదవులు మాత్రము కదుపువాడొకడు. తన గొంతు తెలియకపోవునేమో యని అరచువాడు మరియొకడు. మొదటివానికి ధైర్యమును, రెండవవానికి వినయమును ఒకేమారు నేర్పవలసినవాడు సారథి. ప్రక్కవాని గొంతు తనకు వినబడునంత మెల్లగా పాడుట బృందగానమున తొలి పాఠము. నలుగురితో కలసి బ్రతుకుటకును అదియే తొలి పాఠము గదా!

ఇచ్చట పండితుల ఆక్షేపణ నొకదానిని చెప్పక తప్పదు. మన సంగీతమునకు ప్రాణము రాగము, రాగమునకు ప్రాణము గమకము. స్వరములను కదలకుండ నిలిపి ఒకదానిపై నొకటి పేర్చినచో రాగము చచ్చునని వారందురు. ఇందు సత్యము లేకపోలేదు. తోడిలోని గాంధారమును ఊగనీయక నిలిపినచో అది తోడి గాదు. కాని శంకరాభరణ మోహనములయందును, జానపదుల వరుసలయందును తిన్నగా నిలుచు స్వరములకు కొదవలేదు. ఏ పాటకు పొందిక ఒప్పునో, ఏ పాటను ఒంటివరుసలో విడువవలెనో తెలిసికొనుటయే సారథి వివేకము. కచేరిని తొలగించి ఆ స్థానమున బృందగానమును కూర్చుండబెట్టవలెనని ఎవరును కోరరు. కచేరిలో పాడజాలని వేలమందికి పాడు భాగ్యము కలిగించుట దాని ప్రయోజనము.

శ్రీనివాసన్ గారు ఈ భాగ్యమును మద్రాసుతో ఆపలేదు. కేరళమున పాఠశాలల బాలబాలికలకు బృందగానము నేర్పిరి. 1988 మార్చిలో లక్షద్వీపములలో పిల్లలకు పాట నేర్పుటకై వెళ్ళి అచ్చటనే కన్నుమూసిరి. సాధారణముగా సారథి పోయిన పిదప బృందము చెదరిపోవును. పాటలన్నియు ఆయన తలలోనే యుండుటయు, ఇతరులకు చేయి త్రిప్పు అవకాశము ఎన్నడును ఈయకుండుటయు దీనికి కారణము. ఈ బృందమట్లు కాలేదు. ఆయనవద్ద నేర్చినవారు ఎం. బి. ఎస్. యువ గానబృందమని ఆయన పేరిట దానిని కొనసాగించిరి. నాయకుని గొప్పతనమును కొలుచుటకు ఇంతకు మించిన కొలబద్ద లేదు. తాను లేనినాడును పాట నిలుచునట్లు చేసినవాడే సారథి.

మన పల్లెలలో గొంతులకు లోటు లేదు. తాళజ్ఞానమునకు లోటు లేదు. భజనమందిరమును, పాఠశాలయును లేని ఊరు అరుదు. ఆ గొంతులను ఓపికతో కూర్చి, శ్రుతులను ఎరిగి విభజించి, తన తరువాత నిలుచువారిని తయారుచేయు సారథులు మనకు మరింతమంది కావలెను. సంగీతోపాధ్యాయులు తమ పాఠశాలలో ఇరువదిమంది పిల్లలను చేర్చి, తెలిసిన జానపదము నొకదానిని రెండే వరుసలతో పాడించి చూచినచో చాలును. ఒక వరుస పాడు పిల్ల రెండవ వరుసను విని చిరునవ్వు నవ్విననాడు పని సగము పూర్తియైనట్లే.