ఇచ్చిపుచ్చుకొను విద్య



కొలది దినముల క్రిందట, విదేశమునకు బోవ నుత్సహించు విద్యార్థి యొకడు నన్నిట్లడిగెను: "అయ్యా! పరదేశమువారి సొమ్ముతో జదివినవాడు తిరిగివచ్చి పరదేశమువారి పాటయే పాడడా?" నా డాతనికి సరియైన సమాధానము చెప్పజాలనైతిని. ఆ లోపమును నేడు తీర్చుకొనదలచితిని.

1945లో ద్వితీయ ప్రపంచ సంగ్రామము ముగిసెను. అమెరికా సైన్యముల లారీలు, యంత్రములు, ఇతర సామగ్రియు దేశదేశములందు కుప్పలుగా మిగిలిపోయెను. కొనదలచిన దేశములయొద్ద డాలర్లు లేవు. అప్పుడు అర్కన్సా రాష్ట్రపు సెనేటరు విలియం ఫుల్‌బ్రైట్ ఒక యుపాయము చెప్పెను. ఆ సామగ్రిని ఆయా దేశముల నాణెములకే విక్రయించి, వచ్చిన ధనమును విద్యార్థుల యొక్కయు, అధ్యాపకుల యొక్కయు రాకపోకలకు వినియోగింపవలెనని యాతని సూచన. ఆయనయు రోడ్స్ విద్యార్థివేతనముతో ఆక్సుఫర్డునందు జదివినవాడే. 1946 ఆగస్టు 1వ తేదీన అధ్యక్షుడు ట్రూమన్ చేవ్రాలుతో అది చట్టమయ్యెను. యుద్ధసామగ్రి విద్యాధనముగా మారుట చరిత్రయం దరుదైన సంగతి.

మొదటి యొడంబడిక 1947 నవంబరులో చైనాతోను, రెండవది డిసెంబరు 22న బర్మాతోను జరిగెను. బర్మా స్వతంత్రమగుటకు అప్పటి కింకను పదుమూడు దినములు గలవు. మన గణతంత్రము 1950 జనవరి 26న నవతరించెను. ఫిబ్రవరి 2వ తేదీననే ప్రధాని నెహ్రూయు, అమెరికా రాయబారి లాయ్ హెండర్సనును ఒడంబడికపై చేవ్రాళ్లు చేసిరి. అప్పటికి మన గణతంత్రమునకు వయస్సు ఏడు దినములు!

చేవ్రాలు సులభము, పని కష్టము. ఇరుదేశములవారును గూర్చుండు నొక సంఘమును ఢిల్లీలో నేర్పఱచిరి. దరఖాస్తులు పిలుచుట, పరీక్షించుట, పేళ్లు పంపుట దాని పనులు. తుది నిర్ణయము మాత్రము అమెరికాలోని పాలకమండలిది. ఇక ధనముమాట. ఆ చట్టము క్రింద లభించినవి రూపాయలు. అమెరికానుండి వచ్చినవారికి ఇచ్చట నన్నవస్త్రములకు అవి చాలును. మన విద్యార్థికో, ప్రయాణపు ఖర్చు మాత్రమే వానితో గడచును. ఆవలి యొడ్డున భోజనమునకు డాలర్లు కావలెను. అందుకై 1948 నాటి వేఱొక చట్టమునో, అచ్చటి విశ్వవిద్యాలయముల యౌదార్యమునో యాశ్రయింపవలసి వచ్చెను. కావున పేరునకు వినిమయమే యైనను త్రాసు సమముగా నుండలేదు.

ఆ కొఱత కాలక్రమమున గొంత తీఱెను. 1964లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునందు అమెరికా విషయముల పరిశోధనకై యొక కేంద్రము వెలసెను. ఆ దేశమును తెలిసికొనుటకు మనవారు సముద్రము దాటనక్కఱలేకుండ నిది తోడ్పడెను. తుదకు 2008 జూలై 4వ తేదీన క్రొత్త యొడంబడిక జరిగెను. ఖర్చును ఇరుప్రభుత్వములును సమానముగా భరింప నంగీకరించెను. అప్పటినుండియే ఫుల్‌బ్రైట్ పేరుతో నెహ్రూ పేరును జేరెను. సమభాగ మిచ్చినవాడే సమానాసనమున గూర్చుండగలడు. దీని కేబదియెనిమిది సంవత్సరములు పట్టెను.

ఇంతటితో చింత తీఱినదా? తీఱలేదు. 2025 జూనులో ఆ పాలకమండలి సభ్యులు దాదాపందఱును రాజీనామా లిచ్చిరి. యోగ్యతనుబట్టి తాము ఎన్నుకొన్నవారిని ప్రభుత్వము రాజకీయ కారణములచే ద్రోసివైచుచున్నదని వారి యారోపణము. సొమ్మిచ్చు దేశమునందే యెన్నికపై నింత వివాదము చెలరేగినపుడు, పుచ్చుకొను దేశ మెంత జాగరూకమై యుండవలెనో యూహింపుడు.

నాడు నన్నడిగిన విద్యార్థికి నే డిట్లు చెప్పెదను. నాయనా! సొమ్మెవరిదని మాత్రమే యడుగకుము. ఎన్నుకొనువా రెవరు, ఏ గుణమునుబట్టి యెన్నుకొందురు, నీ దేశమువారు ఆ సభలో గూర్చుందురా యని యడుగుము. ఈ మూడింటికిని మంచి సమాధానము దొరకెనా, నిర్భయముగా బొమ్ము. అచ్చటి మంచిని గొనిరమ్ము. మనయందలి మంచిని వారికిచ్చి రమ్ము. ఉత్తచేతులతో బోయినవాడు అతిథి యగును గాని, వినిమయము చేసినవాడు కానేరడు.