స్టీల్ గిన్నెల సెట్ కొంటున్నారా? ముందు అడుగు చూడండి

ఇవాళ టేబుల్ మీద ఫోన్ లేదు, ల్యాప్‌టాప్ లేదు. గిన్నెలున్నాయి. థంబ్‌నెయిల్ చూసి "ఏంటి బ్రో, వంటల ఛానెల్ పెట్టావా" అని నవ్వుకుంటూ వచ్చినవాళ్ళకి కూడా వెల్కమ్.

విషయం ఏంటంటే, వచ్చే నెల మా చెల్లి పెళ్ళి. పెళ్ళయ్యాక బెంగళూరులో కాపురం. అద్దె ఫ్లాటు, చిన్న వంటిల్లు, ఒక గ్యాస్ స్టవ్, ఒక ఇండక్షన్ స్టవ్. దాని వంటింటి సామాను కోసమని మా అమ్మ రెండేళ్ళు చీటీ కట్టి 12,000 రూపాయలు పక్కన పెట్టింది. ఆ డబ్బుతో ఏం కొనాలన్నదాని మీద మా ఇంట్లో వారం రోజులు గొడవ. అమ్మకి 51 పీసుల సెట్ కావాలి. నేను నాలుగు గిన్నెలు చాలన్నాను. "పెళ్ళికూతురికి నాలుగు గిన్నెలిచ్చి పంపితే వాళ్ళ అత్తగారు ఏమనుకుంటారురా?" అని అమ్మ. ఎవరు గెలిచారో చివర్లో చెప్తాను. ఈ లోపు నేను నాలుగే ఎందుకన్నానో వినండి.

నా ఉప్మా కథ

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆన్‌లైన్ సేల్‌లో 7 పీసుల స్టీల్ సెట్ కొన్నాను. 2,799 రూపాయలు. ఫోటోలో అద్దంలా మెరిసిపోతోంది. మొదటి రోజు ఉప్మా చేశాను. సగం ప్లేట్లోకి వచ్చింది, సగం కడాయికే ఉండిపోయింది. నెల తిరక్కుండానే అడుగు వంగిపోయి, ఇండక్షన్ మీద పెడితే బొంగరంలా తిరిగేది. "స్టీల్ అంటేనే ఇంత, అన్నీ అడుగంటుతాయి" అని తీర్మానించేసి నాన్‌స్టిక్ కొన్నాను. ఏడాదికి దాని కోటింగ్ పొరలు పొరలుగా లేచింది. అంటే రెండుసార్లు డబ్బు పోయింది.

కానీ అదే స్టీల్‌తో మా అమ్మ ముప్పై ఏళ్ళుగా వండుతోంది కదా, ఆమెకి ఎందుకు అంటుకోవట్లేదు? ఈ ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. ఇంజినీర్లం కదండీ, డాక్యుమెంటేషన్ చదవకుండానే రన్ చేసేస్తాం.

304, 202, 430: ఈ నంబర్లేంటి?

స్టెయిన్‌లెస్ స్టీల్ అంటే ఒకే లోహం కాదు. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే దాన్ని స్టెయిన్‌లెస్ అంటారు. ఆ క్రోమియం గాలి తగలగానే పైన కంటికి కనిపించని ఒక పొర కడుతుంది. గీత పడినా మళ్ళీ కట్టుకుంటుంది. తుప్పు పట్టకుండా కాపాడేది ఆ పొరే.

ఇప్పుడు గ్రేడులు. 304 అంటే సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. డబ్బా మీద 18/8 అని రాసేది దీన్నే. వంటకి ఇది చాలు. 316లో అదనంగా మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుని ఇంకా బాగా తట్టుకుంటుంది, ధర కూడా ఎక్కువే. ఇంట్లో వంటకి దాని కోసం అప్పు చేయక్కర్లేదు. 430లో నికెల్ దాదాపు ఉండదు, అయస్కాంతానికి బాగా అంటుకుంటుంది. అందుకే ఇండక్షన్ కోసం గిన్నె బయటి పొరగా వాడతారు.

ఇక 200 సిరీస్. 201, 202 అంటారు. నికెల్ ఖరీదైనది కాబట్టి అందులో చాలా భాగం తగ్గించి మాంగనీసు కలుపుతారు. ఇది విషం కాదు, భయపడకండి. కానీ మన వంటల్లో చింతపండు, ఉప్పు, టమాటా రోజూ ఉంటాయి. వాటి ముందు 304 నిలబడినంత కాలం 202 నిలబడదు. చుక్కలు చుక్కలుగా తుప్పు త్వరగా కనిపిస్తుంది. నీళ్ళ గ్లాసుకి, పప్పుల డబ్బాకి 202 పర్లేదు. పులుసు మరిగే గిన్నెకి మాత్రం 304 అడగండి.

అయస్కాంతం టెస్ట్ గురించి ఒక నిజం

చెల్లి కోసం అమ్మా నేనూ బేగంబజార్ వెళ్ళాం. ఒక షాపాయన జేబులోంచి అయస్కాంతం తీసి, గిన్నెకి ఆనించి, "చూడండమ్మా అంటుకోవట్లేదు, ప్యూర్ 304" అన్నాడు. అమ్మ వెంటనే నా వైపు గర్వంగా చూసింది. యూట్యూబ్‌లో కూడా సగం మంది ఇదే చెప్తారు.

ఇందులో తిరకాసు ఏంటంటే, 202 కూడా మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు. అంటుకోనంత మాత్రాన అది 304 అయిపోదు. ఇంకో పక్క, అసలైన 304 రేకుని సాగదీసి గిన్నె చేసినప్పుడు అంచుల దగ్గర, వంపుల దగ్గర కొంచెం అంటుకోవచ్చు కూడా. ఇక ట్రైప్లై గిన్నెలకైతే బయటి పొర 430 ఉంటుంది కాబట్టి తప్పకుండా అంటుకుంటుంది.

మరి అయస్కాంతం దేనికి పనికొస్తుంది? ఇండక్షన్ చూడడానికి. గిన్నె అడుగుకి గట్టిగా పట్టుకుంటే ఇండక్షన్ మీద పనిచేస్తుంది. అంతవరకే.

గ్రేడ్ తెలియాలంటే మూడు చూడండి. ఒకటి, గిన్నె మీద గ్రేడ్ ముద్ర ఉందా. రెండు, బిల్లు మీద 304 అని రాసిస్తారా. నేను ఆయన్ని "బిల్లు మీద రాసిస్తారా అండి" అని అడిగితే, "ఎందుకు సార్, మా మీద నమ్మకం లేదా" అన్నాడు. నమస్కారం పెట్టి పక్క షాపుకి వెళ్ళాం. మూడు, ఐఎస్ఐ మార్కు. స్టీల్ పాత్రలకి ఈ మార్కు తప్పనిసరి చేస్తూ 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. స్టీల్ పాత్రలకి ఉన్న స్టాండర్డ్ నంబరు ఐఎస్ 14756. మార్కు దగ్గర లైసెన్సు నంబరు ఉంటుంది. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే ఆ లైసెన్సు నిజమో కాదో షాపులో నిలబడే చూసుకోవచ్చు.

అసలు ఆట అంతా అడుగులోనే

ఇది ఇవాళ్టి ఎపిసోడ్‌లో ముఖ్యమైన మాట. స్టీల్ వేడిని చాలా మెల్లగా పాకిస్తుంది. దాంతో పోలిస్తే అల్యూమినియం పది రెట్లకు పైగా బాగా పాకిస్తుంది. పల్చటి స్టీల్ కడాయిని స్టవ్ మీద పెడితే మంట తగిలే చోట కాలిపోతుంటుంది, పక్కన ఇంకా చల్లగానే ఉంటుంది. నా ఉప్మా మాడింది అక్కడే. ఆ కాలే చోటు, వేడికి వంగిపోయే అడుగు, రెండిటికీ కారణం పల్చటి రేకే.

దీనికి మందు రెండు రకాలు. ఒకటి శాండ్‌విచ్ బాటమ్. గిన్నె అంతా మామూలు స్టీల్, అడుగున మాత్రం మధ్యలో అల్యూమినియం పెట్టి మందంగా ఒక బిళ్ళ అతికిస్తారు. రెండోది ట్రైప్లై. లోపల 304, మధ్యలో అల్యూమినియం, బయట 430, ఈ మూడు పొరలూ అడుగు నుంచి అంచు దాకా ఉంటాయి. అల్యూమినియం లోపల ఉంది కాబట్టి వంటకి తగలదు, వేడిని మాత్రం అంతటా పంచుతుంది.

మరి అన్నీ ట్రైప్లై కొనేయాలా? వద్దు. డబ్బు మిగిలేది ఇక్కడే. అన్నం, సాంబారు, రసం లాంటివాటిలో నీళ్ళే మరుగుతూ వేడిని తిప్పుకుంటాయి. వాటికి శాండ్‌విచ్ బాటమ్ చాలు. వేపుడు, ఉప్మా, మసాలా కూర లాంటివి, నీళ్ళు తక్కువ ఉండి గోడలకి కూడా తగిలేవి, వాటికి ట్రైప్లై కావాలి. శాండ్‌విచ్ కడాయిలో బిళ్ళ దాటి మంట వస్తే ఆ అంచు దగ్గర గుండ్రంగా మాడుతుంది. గమనించి ఉంటారు.

షాపులో నేను ఏం చూశాను

చేత్తో పట్టుకుని బరువు చూడండి. పల్చటి గిన్నె చేతికే తెలిసిపోతుంది. ట్రైప్లై అయితే మందం ఎంతో అడగండి, కడాయికి 2.5 మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది. అడుగుని కౌంటర్ గాజు మీద పెట్టి అటూ ఇటూ నొక్కండి, ఊగితే వద్దు. పిడి రివెట్లతో బిగించారా, వెల్డింగ్ చేశారా చూడండి. రివెట్ల దగ్గర జిడ్డు పడుతుంది కానీ బరువున్న కడాయికి అదే గట్టిగా ఉంటుంది. పిడి పట్టుకుని కడాయిని పైకి లేపండి. నిండా కూర ఉన్నప్పుడు మోయగలరా లేదా అని ఆలోచించుకోండి.

ఇంకోటి, పీసుల లెక్క. "7 పీసుల సెట్" అంటే ఏడు గిన్నెలు కాదు. నేను కొన్నదాంట్లో మూడు మూతలు, ఒక గరిటె పోగా గిన్నెలు మూడే! మూతలు, గరిటెలు, స్పూన్లు అన్నీ పీసులే వాళ్ళకి.

చివరికి చెల్లికి తీసుకున్నవి ఇవి. 24 సెంటీమీటర్ల ట్రైప్లై కడాయి ఒకటి, మూతతో. మూడు లీటర్ల శాండ్‌విచ్ బాటమ్ గిన్నె ఒకటి, సాంబారుకీ అన్నానికీ. మూడు లీటర్ల స్టీల్ ప్రెషర్ కుక్కర్ ఒకటి. పాలకీ టీకీ పిడి ఉన్న చిన్న గిన్నె ఒకటి. దోసెలకి మాత్రం స్టీల్ పెనం కొనకండి, ఫ్రెండ్స్. ఇనుప పెనం తీసుకుని నూనె పట్టించి వాడుకోండి. స్టీల్ మీద దోసె వేసి నన్ను తిట్టకండి.

అడుగంటకుండా వండడం ఎలా

మంచి కడాయి కొన్నా సరే, వాడే తీరు మారకపోతే ఉప్మా మళ్ళీ అంటుకుంటుంది. ఖాళీ కడాయిని మధ్యస్థంగా ఉన్న మంట మీద రెండు నిమిషాలు పెట్టండి. ఒక్క నీటి చుక్క వేయండి. చుయ్‌మని ఆవిరైపోతే ఇంకా కాలలేదు. ఆ చుక్క ముత్యంలా గుండ్రంగా అయ్యి అటూ ఇటూ దొర్లితే కాలింది. అక్కడ జరిగేది ఏంటంటే, చుక్క కింద సన్నటి ఆవిరి పొర ఏర్పడి అది తేలుతూ ఉంటుంది. ఇప్పుడు మంట తగ్గించి, తడి తుడిచి, నూనె వేసి, అప్పుడు పోపు పెట్టండి. నూనె పొగలొచ్చేదాకా ఆగకండి.

కూరగాయ ముక్కలు వేయగానే గరిటెతో పీకకండి. కాసేపు వదిలేస్తే ముక్క వేగి, తనే అడుగుని వదులుతుంది. ఉప్మా అయ్యాక స్టవ్ ఆపేసి, మూత పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. ఆవిరికి అడుగు మెత్తబడి చక్కగా లేస్తుంది. అమ్మ ముప్పై ఏళ్ళుగా చేస్తున్నది ఇదేనట. "చెప్పొచ్చు కదమ్మా" అంటే, "నువ్వు ఎప్పుడు అడిగావు?" అంది.

ఉప్పు చల్లటి నీళ్ళలో వేసి వదిలేయకండి. అడుగున కూర్చుని చిన్న చిన్న గుంటలు చేస్తుంది. నీళ్ళు మరిగాక వేసి కలపండి. వేడి కడాయిని పంపు కింద పెట్టకండి, వంగిపోతుంది. మాడితే నీళ్ళు పోసి, ఒక చెంచా వంట సోడా వేసి మరిగించండి. బోరు నీళ్ళకి వచ్చే తెల్ల మచ్చలు, ఎక్కువ వేడికి వచ్చే రంగురంగుల మరకలు, రెండూ వెనిగర్‌తో గానీ నిమ్మరసంతో గానీ పోతాయి. వాటివల్ల వంటకి ఏమీ కాదు. బ్లీచింగ్ ఉన్న లిక్విడ్ మాత్రం వాడొద్దు.

నికెల్ అలెర్జీ ఉన్నవాళ్ళకి ఒక్క మాట. కొత్త గిన్నెలో పుల్లటివి వండితే మొదట్లో నికెల్ కొంచెం ఎక్కువ దిగుతుంది, వాడగా వాడగా తగ్గుతుంది. మీరు డాక్టర్ని అడిగి తీసుకోండి. పులుసు రాత్రంతా గిన్నెలోనే ఉంచకండి.

మరి ఎవరు గెలిచారు?

నాలుగు గిన్నెలకి, ఇనుప పెనానికి కలిపి మాకు 8,900 అయ్యింది. 3,100 మిగిలింది. అమ్మ ముఖం మాత్రం వెలగలేదు. ఇంటికొచ్చి వాటిని మంచం మీద వరసగా పెట్టి, "ఇంతేనా" అంది. నాకు గట్టిగా తగిలింది ఆ మాట. సెట్ అంటే నాకు అడుగు మందం, గ్రేడు. అమ్మకి అది వేరే. తన పెళ్ళికి వాళ్ళ నాన్న అప్పు చేసి కొన్న గిన్నెలవి. ప్రతి దాని మీదా పేరు, తేదీ చెక్కించి ఉంటుంది.

అప్పుడు చెల్లి అటక మీద నుంచి రాగి అడుగున్న పెద్ద గిన్నె ఒకటి దింపింది. అమ్మ పేరున్నది. "ఇది నాకిచ్చేయమ్మా, మిగతావి ఎన్నున్నా ఇది లేకపోతే వెళ్ళను" అంది. అది ఇండక్షన్ మీద పనిచేయదని చెప్పబోయి నోరు మూసుకున్నాను. గ్యాస్ స్టవ్ ఉంది కదా.

మిగిలిన డబ్బులో కొంత పెట్టి, మర్నాడు అమ్మ ఆ నాలుగు గిన్నెల మీద చెల్లి పేరు, పెళ్ళి తేదీ చెక్కించుకొచ్చింది. కడాయి లోపల చెక్కిస్తుందేమో అని నా గుండె ఆగింది, పిడి కింద చెక్కించిందిలెండి. కాబట్టి స్కోరు చెప్పాలంటే, గిన్నెలు నావి, గెలుపు అమ్మది.

మీ ఇంట్లో ఎన్నేళ్ళ నాటి గిన్నె ఇంకా వాడుతున్నారో, దాని మీద ఎవరి పేరుందో కామెంట్లో రాయండి. ఇవాళ ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఉప్మా ఎందుకు అంటుకోదో మీ అమ్మగారిని కూడా ఒకసారి అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.