లీసెస్టర్‌లో ఒక పూట నడక

రేపు ఉదయం నాతో నడవబోయే మిత్రులకి ముందుగా రెండు ముక్కలు. గొడుగు తెచ్చుకోండి, ఇక్కడి వానకి నేను పూచీ పడలేను.

1785లో వేసిన, బళ్ళు తిరగని న్యూ వాక్ మీద బయల్దేరతాం. దారిలోనే మ్యూజియం. హిట్లర్ ప్రభుత్వం ఛీకొట్టిన జర్మన్ చిత్రకళని, ఆ జర్మనీతో యుద్ధం నడుస్తుండగానే, 1944లో ఇక్కడ ప్రదర్శించి, ఫ్రాంజ్ మార్క్ గీసిన ఎర్ర స్త్రీ బొమ్మని కొనుక్కున్నారు.

విక్టోరియా పార్కు దాటితే యూనివర్సిటీ ఇంజనీరింగ్ భవనం. స్టిర్లింగ్, గోవన్‌ల రూపకల్పన, 1963లో పూర్తయింది. ఎర్ర ఇటుక, ఎర్ర పెంకు, మిగిలినదంతా గాజు. పదేళ్ళు దాని పక్కనుంచే ఆఫీసుకి వెళ్ళాను. వింత కట్టడం అనుకున్నానంతే!

మా నాన్నగారు మా ఊరి పంచాయతీ నీళ్ళ ట్యాంకు చూసుకునేవారు. మమ్మల్ని చూడ్డానికి వచ్చినప్పుడు తలెత్తి, "ఆ పైనున్నది ట్యాంకు కదురా, ఇంజనీరింగు చదివావు, తెలీదూ?" అన్నారు. నిజమే. కింద హైడ్రాలిక్స్ ల్యాబుకి నీటి ఒత్తిడి రావాలంటే ట్యాంకు దాదాపు నూరడుగుల ఎత్తున ఉండాలి. టవరు అంత ఎత్తు లేచింది అందుకే.

నాన్నగారు ఇప్పుడు లేరు. రేపు అక్కడ కాస్త ఎక్కువసేపు ఆపుతాను, ఏమీ అనుకోకండి.